లోపల వార్త కరెక్టే, పైన బొమ్మ వేరే. దీన్ని తప్పుడు సమాచారం అనాలా, వద్దా?

కాలనీ_అడ్మిన్, హన్మకొండ:

మా కాలనీ వాట్సాప్ గ్రూపులో ఫేక్ వార్త పెడితే తీసేయాలని రూల్ ఉంది. ఇన్నాళ్లూ దాంతో పెద్ద గొడవ రాలేదు, వార్త అబద్ధమని చూపిస్తే పెట్టినవాళ్లు మారు మాట్లాడకుండా ఊరుకునేవాళ్లు. ఇప్పుడు ఈ బొమ్మల దగ్గర మాత్రం పంచాయితీ తెగడం లేదు.

వానాకాలం సంగతే తీసుకోండి. భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులు దాటింది, మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చారు అని లింకు వస్తుంది. అది నిజమే, అధికారులు చెప్పిన లెక్కే. కానీ పైన ఉన్న ఫోటో 2022 జులైది, నీళ్లు 71 అడుగులు దాటినప్పుడు ఇళ్ల కప్పులు మాత్రమే కనబడిన నాటిది. మా గ్రూపులో గోదావరి ఒడ్డున ఏటూరునాగారం, మంగపేట వైపు తల్లిగారిల్లు ఉన్నవాళ్లు ఉన్నారు. వాళ్లు వార్త చదవరు, ముందు ఇంటికి ఫోన్ కొడతారు. ఇదేంది అని అడిగితే పెట్టినాయన "లోపల చదువు, ఒక్క తప్పు చూపించు" అంటాడు. చదివితే నిజంగానే తప్పు లేదు!

2024 డిసెంబరు 4న ములుగు దగ్గర భూమి కంపించినప్పుడూ ఇంతే. పొద్దున 7:27కి వచ్చింది, తీవ్రత 5.3, హైదరాబాద్ దాకా తెలిసింది, మా ఇంట్లో కూడా షెల్ఫు మీది గిన్నెలు కింద పడ్డాయి. అంతకుమించి పెద్ద నష్టం లేదు, ఆ లింకులో కూడా అదే రాశారు. బొమ్మలో మాత్రం నాలుగంతస్తుల బిల్డింగు ఒక పక్కకు ఒరిగిపోయి, స్లాబులోంచి ఇనుప చువ్వలు బయటికి వచ్చి ఉన్నాయి. ఎక్కడి బిల్డింగో తెలియదు, మన దగ్గరిది మాత్రం కాదు. దుబాయ్‌లో, మస్కట్‌లో ఉన్న మన పిల్లలు దాన్ని చూసి ఎంత టెన్షన్ పడి ఉంటారో ఆలోచించండి.

అందుకే అడుగుతున్నా. రాసింది నిజమై, బొమ్మ ఒక్కటే తప్పైతే దాన్ని ఫేక్ కింద లెక్కగట్టి తీసేయొచ్చా? తీసేస్తే నిజమైన వరద హెచ్చరిక కూడా పోతుంది కదా, అదీ నా భయం.


థంబ్‌నెయిల్_తమ్ముడు:

అన్నా, నేను చేసేదే ఈ పని కాబట్టి చెప్తున్నా, కోపానికి రావొద్దు. యూట్యూబ్ చానెళ్లకు, రెండు మూడు వార్తల సైట్లకు థంబ్‌నెయిల్స్, అంటే వీడియో గానీ వార్త గానీ తెరవక ముందు పైన కనబడే బొమ్మలు చేసిస్తా. వాళ్లు నాకు వార్త పంపరు, వీడియో అయితే చాలాసార్లు అప్పటికి పూర్తి కూడా కాదు. ఒక లైన్ మెసేజ్ వస్తది, "తమ్మీ, వరద మీద ఒకటి, గట్టిగా ఉండాలె" అని. నేను నీళ్లు పెడతా, మునిగిన బస్సు పెడతా, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్న ఒక అమ్మను పెడతా, ఎర్ర బాణం, పసుపు అక్షరాలు. ఫోన్‌లో ఆ బొమ్మ రెండు ఇంచులు కూడా ఉండదు, పక్కన ఇంకో పది ఉంటయి, మామూలు ఫోటో పెడితే ఎవరూ ఆగరు, ఎవరూ ఆగకపోతే రేపటి నుంచి నాకు పని ఉండదు.

నా లెక్కలో అది దుకాణం ముందు నిలబడి అరిచే అరుపు. లోపలికి రమ్మని పిలవడం అంతే, సరుకు లోపల ఉంటది. అరుపు మీద కేసు పెడతామంటే పేపర్లో కార్టూన్లు కూడా తీసేయాలి, నాయకుడి ముక్కు అంత పొడుగు ఉండదు కదా.

ఒక్కటి మాత్రం నేను చేయను. బతికున్న నటుడి ఫోటోకు దండ వేసి, ముందర దీపం పెట్టి, "ఇక లేరా?" అని రాయమంటారు. లోపల చూస్తే ఆయనకు జ్వరం వచ్చి తగ్గింది అని ఉంటది. అది పాపం, డబ్బులు ఎక్కువిస్తామన్నా చేయలేదు. మిగతాదంతా డిజైనే.


పాత_డెస్క్, వరంగల్:

తమ్మీ, నీ వాదనను నువ్వే కొట్టేసుకున్నావు చూడు. ఆ దండలో ఒక్క అక్షరం లేదు. "ఇక లేరా?" అన్నదాంట్లో కూడా ప్రశ్నార్థకం ఉంది కాబట్టి, కోర్టుకు పోతే మేం చనిపోయాడని అనలేదే అని తప్పించుకుంటారు. అయినా చూసిన ప్రతి తెలుగువాడికీ మనిషి పోయాడనే అర్థమవుతుంది, ఎందుకంటే మన ఇళ్లల్లో దండ వేసి దీపం పెట్టిన ఫోటోకు ఇంకో అర్థం లేదు. అంటే బొమ్మ కూడా ఒక సంగతి చెప్తుంది, అక్షరాలకన్నా గట్టిగా చెప్తుంది. చెప్పగలిగినప్పుడు అబద్ధం కూడా చెప్పగలదు కదా.

నేను ఒక పత్రిక జిల్లా ఎడిషన్ డెస్క్‌లో చాలా ఏళ్లు చేశాను. బయటివాళ్లు అనుకున్నట్టు అక్కడ కూర్చుని ఎవరూ కుట్ర చేయరు. రాత్రి పేజీ వదలాల్సిన టైమ్ దగ్గర పడుతుంది, విలేకరి వార్త పంపాడు గానీ ఫోటో రాలేదు, పేజీలో మూడు కాలమ్‌ల చోటు ఖాళీగా ఉంది. లైబ్రరీలోంచి పాతది ఒకటి తీసి వేస్తారు. కాకపోతే కింద "ఫైల్ ఫోటో" అని వేయాలి. నేరం వార్త అయితే, ఆత్మహత్య వార్త అయితే "ప్రతీకాత్మక చిత్రం" అని వేయాలి. ఆ రెండు ముక్కలు మర్చిపోయిన సబ్ఎడిటర్ మర్నాడు ఇన్‌చార్జి చేత తిట్లు తినేవాడు. అచ్చు పేపర్లో అది సరిపోయేది, ఎందుకంటే ఫోటో, దాని కింద మాట, పక్కన వార్త, మూడూ ఒకే కాగితం మీద ఉంటాయి, వాటిని విడదీయాలంటే కత్తెర కావాలి.

ఇప్పుడు కత్తెర అక్కర్లేదు. మీరు లింకు పెట్టగానే వాట్సాప్ ఆ పేజీకి తగిలించి ఉంచిన ఒక బొమ్మను, హెడ్డింగును, ఒకటి రెండు లైన్లను మాత్రమే లాక్కొస్తుంది. బొమ్మ కింద ఉన్న "ఫైల్ ఫోటో" రాదు. సైటు వాళ్లు న్యాయంగా రాసి ఉన్నా సరే, మీ గ్రూపుకు చేరేసరికి అది 2022 నీళ్లు కాస్తా ఇవాళ్టి నీళ్లు అయి కూర్చుంటుంది. ఆ బొమ్మ మీదే ఒక మూలన "2022" అని వేస్తే తప్ప దీనికి మందు లేదు. అది ఎవరు వేస్తారంటే ఎవరూ వేయరు, వేస్తే క్లిక్కులు తగ్గుతాయి.

ఇది మన దగ్గర కొత్తగా పుట్టిన రోగం కూడా కాదు. 1994 జూన్‌లో అమెరికాలో ఓ.జె. సింప్సన్ అనే మాజీ ఫుట్‌బాల్ ఆటగాడిని హత్య కేసులో పట్టుకున్నప్పుడు, పోలీసులు తీసిన ఒకే ఫోటోను న్యూస్‌వీక్, టైమ్ అనే రెండు వారపత్రికలూ కవర్ మీద వేశాయి. న్యూస్‌వీక్ ఉన్నది ఉన్నట్టు వేసింది. టైమ్ వాళ్లు ఒక చిత్రకారుడి చేత ముఖాన్ని నల్లగా చేయించి, చుట్టూ నీడలు కమ్మించి వేశారు. స్టాళ్లలో రెండూ పక్కపక్కన కనబడేసరికి గొడవైంది, నల్లజాతి మనిషిని ఇంకా నల్లగా చేసి విచారణకు ముందే నేరస్తుడిలా చూపించారని. వాళ్ల జవాబు ఏందంటే, అది ఫోటో కాదు, ఫోటో ఆధారంగా చేసిన ఇలస్ట్రేషన్ అని. మన తమ్ముడు అంటున్న "డిజైన్" అన్న మాట అన్నమాట.

ఇక మీరడిగిన దానికి సూటిగా: 2017లో ఫస్ట్ డ్రాఫ్ట్ అనే సంస్థ తరఫున క్లెయిర్ వార్డిల్ తప్పుడు సమాచారాన్ని ఏడు రకాలుగా విడదీశారు. అందులో ఒక రకం అచ్చంగా ఇదే, హెడ్డింగు గానీ బొమ్మ గానీ క్యాప్షన్ గానీ లోపలి విషయానికి పొంతన లేకుండా ఉండడం. కాబట్టి ఆ పేరు పెట్టడానికి నేనైతే వెనకాడను. మన ప్రెస్ కౌన్సిల్ నియమాల్లో కూడా హెడ్డింగు రెచ్చగొట్టేలా ఉండొద్దు, కింద ఉన్న విషయానికి సరిపోవాలి అని ఉంది. ఆ నియమం రాసిన కాలంలో జనాన్ని ఆపే పని హెడ్డింగు చేసేది, ఇప్పుడా పని బొమ్మ చేస్తోంది, అంతే తేడా.


ఎనుమాముల_గుమాస్తా:

దుకాణం ముందు అరుపు అన్న తమ్ముడికి మా మార్కెట్ సంగతి ఒకటి చెప్తా. మిర్చి సీజన్‌ల పొద్దున జెండా పాట అయితది. ఆ రోజు యార్డుకు వచ్చిన సరుకుల అన్నిటికన్నా నాణ్యమైన లాటుకు పలికిన ధర అది. అది ఒకరిద్దరికి వస్తది. మిగతా రైతులకు తేమ చూసి, తాలు చూసి, రంగు చూసి వేలల్ల కోత పడ్తది. ఇది యార్డుల అందరికీ తెలుసు, రాసే విలేకరులకు కూడా తెలుసు, లోపల వార్తల "గరిష్ఠం, కనిష్ఠం" అని రెండూ సక్కగనే రాస్తరు. బొమ్మ మీద మాత్రం ఎర్రటి మిర్చి కుప్ప, నవ్వుతున్న రైతు, పక్కన పెద్ద అక్షరాలతో జెండా పాట ధర ఒక్కటే వేస్తరు.

దాన్ని చూసి మారుమూల ఊళ్ల నుంచి ట్రాలీ కిరాయి పెట్టుకుని బస్తాలు వేసుకొస్తరు. రేటు చెప్పినంక ఫోన్ తీసి ఆ బొమ్మ మాకు చూపిస్తరు, "మరి ఇదేంది?" అని. నేను ఏం చెప్పాలె? అందుల ఉన్న అంకె నిజమే. ఆ నవ్వే రైతు ఎవరో, ఏ రాష్ట్రమోడో నాకు తెల్వదు. కిరాయి మాత్రం మా రైతు కడ్తడు.

ఇంకోటి, దీనికి ఎవరికీ కోపం రాదు గానీ చెప్తా. మన చపాటా మిర్చికి 2025ల జీఐ గుర్తింపు, అంటే ఇది ఈ ప్రాంతపు ప్రత్యేక రకం అన్న ముద్ర వచ్చింది. అది పొట్టిగా, లావుగా, టమాటా తీరు ఉంటది, అందుకే టమాటా మిర్చి అని కూడా అంటరు. రంగు మస్తు, కారం తక్కువ. ఆ వార్త మీద పెట్టిన బొమ్మలల్ల సగం సన్నగ పొడుగున్న మిర్చియే. ఏదో ఒక మిర్చి దొరికింది, పెట్టిన్రు. వేరే జిల్లాల ఉన్నాయన చపాటా అంటే అదే అనుకుంటడు. గుర్తింపు ఇచ్చిందే వేరే రకం అని చెప్పడానికి, బొమ్మ దాన్నే మాయం చేసింది.


తాడ్వాయి_నుంచి:

మిర్చికే అంత బాధైతే మాకు ఎంత ఉండాలి సార్. మేడారంలో విగ్రహం లేదు. గద్దెలు ఉంటాయి. చిలకలగుట్ట నుంచి సమ్మక్కను కుంకుమ భరిణె రూపంలో తెస్తారు, కన్నెపల్లి నుంచి సారలమ్మ వస్తుంది, వెదురు కంకవనం తెచ్చి గద్దె మీద నిలబెడతారు. కోయ పూజారులు చేసే పద్ధతి అది. జాతర వచ్చిందంటే చాలు, సైట్లలో, వీడియోల మీద పులి మీద కూర్చున్న దేవత, నాలుగు చేతులు, నగలు, కిరీటం. ఇప్పుడు ఏఐతో చేసినవి ఇంకా మెరుస్తాయి. వ్యాసంలో మాత్రం "ఇక్కడ విగ్రహారాధన ఉండదు" అని రాస్తారు, సరిగ్గా దాని పైనే ఆ బొమ్మ! బయటి నుంచి మొదటిసారి వచ్చినవాళ్లు గద్దెల ముందు నిలబడి "అమ్మవారి విగ్రహం ఎక్కడ?" అని అడగడం మేం విన్నాం. దీన్ని ఎవరూ ఫేక్ అనరు, భక్తి అంటారు.


థంబ్‌నెయిల్_తమ్ముడు:

అక్కా/అన్నా, దేవుడి బొమ్మ ఊహ కాకుండా ఎట్ల ఉంటది? క్యాలెండర్ల మీద బొమ్మలన్నీ ఎవరో ఒకరు ఊహించి వేసినవే కదా.


తాడ్వాయి_నుంచి:

క్యాలెండర్ మీద వేసుకోండి, ఇంట్లో కట్టుకోండి, ఎవరు వద్దన్నారు. "మేడారం జాతర చరిత్ర" అని హెడ్డింగు పెట్టి దాని మీద వేస్తే అది చరిత్ర అయిపోతుంది, అదీ నేనంటున్నది.


సైకాలజీ_టీచర్, కరీంనగర్:

అందరి మాటలూ చదివాను. మనం ఇక్కడ చెప్పుకుంటున్న వాటిని పరీక్షించి చూసినవాళ్లు ఉన్నారు. 2012లో ఎరిన్ న్యూమన్, ఆమెతో పనిచేసినవాళ్లు ఒక ప్రయోగం చేశారు. జనానికి ప్రముఖుల పేర్లు చూపించి "ఈయన బతికే ఉన్నాడు" అన్న మాట నిజమా కాదా చెప్పమన్నారు. కొన్ని పేర్లకు పక్కన ఆ మనిషి ఫోటో పెట్టారు, కొన్నిటికి పెట్టలేదు. ఫోటో వల్ల బతికున్నదీ లేనిదీ ఏమీ తెలియదు, మామూలు ఫోటోనే. అయినా ఫోటో ఉన్నప్పుడు నిజమే అన్నవాళ్లు పెరిగారు. మాటను తిప్పి "ఈయన చనిపోయాడు" అని ఇచ్చినా ఫోటో అటు వైపు కూడా నమ్మకాన్ని పెంచింది! అంటే దండ కూడా అక్కర్లేదన్నమాట, పక్కన ఏదో ఒక బొమ్మ ఉంటే చాలు, మాట మీద గురి కుదురుతుంది. 2014లో ఉల్రిక్ ఎకర్ బృందం చేసిన దాంట్లో, హెడ్డింగు ఒకరి గురించి, ఫోటో అదే వార్తలో ఉన్న ఇంకొకరిది. నేరం చేసింది ఫోటోలోని మనిషి కాదని లోపల ఉన్నా, చదివినవాళ్లకు ఆ ముఖం మీద మంచి అభిప్రాయం తగ్గింది. "లోపల చదివితే తెలుస్తుంది కదా" అనేవాళ్లకు నేను చెప్పే జవాబు ఇదే, చదివినా పూర్తిగా పోదు.

కానీ తప్పుడు సమాచారం అన్న ముద్ర చేతిలో ఉంది కదా అని అందరి మీదా కొట్టుకుంటూ పోతే ఇంకో ప్రమాదం ఉంది, దాని గురించి ఇక్కడ ఎవరూ మాట్లాడలేదు. 2025లో కంచ గచ్చిబౌలి గొడవ గుర్తుందా? హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ (హెచ్‌సీయూ) పక్కన 400 ఎకరాల భూమి, రాత్రిపూట కూడా జేసీబీలు. సోషల్ మీడియాలో జింకలు పరుగెత్తుతున్న బొమ్మలు, నెమళ్లు ఏడుస్తున్న బొమ్మలు మస్తు తిరిగాయి, వాటిలో ఏఐతో చేసినవి ఉన్నాయి. ప్రభుత్వం వాటిని పట్టుకుంది, జిబ్లీ స్టైల్ (జపాన్ కార్టూన్ సినిమాల తరహా) బొమ్మ ఒకదాన్ని రీపోస్ట్ చేసిన ఐఏఎస్ అధికారిణికి కూడా పోలీసులు నోటీసు ఇచ్చారు. కానీ చెట్లు కొట్టింది నిజం. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పని ఆపమని చెప్పింది నిజం. బొమ్మ అబద్ధమని తేలగానే, చెట్ల సంగతి పక్కకు పోయి నాలుగు రోజులు బొమ్మ సంగతే నడిచింది. అందుకే నాకు ఆ బొమ్మలు చేసినవాళ్ల మీదా కోపమే, దాన్ని అడ్డం పెట్టుకున్నవాళ్ల మీదా కోపమే. నిజంగా తీసిన వీడియోలు ఉండగా దొంగ నెమలి ఎందుకు చెప్పండి!

ఏది తప్పుడు సమాచారమో ప్రభుత్వమే తేలుస్తుంది అంటే కూడా నేను ఒప్పుకోను. కేంద్రం తన గురించిన వార్తల్లో ఏది ఫేకో తేల్చడానికి ఫ్యాక్ట్ చెక్ యూనిట్ పెట్టుకునేలా 2023లో ఐటీ రూల్స్ మార్చింది, 2024 సెప్టెంబరులో బాంబే హైకోర్టు దాన్ని కొట్టేసింది. నాకు ఆ తీర్పు సబబే అనిపించింది. వేదికలు తమ ఇంటిని తాము శుభ్రం చేసుకోవడం వేరు. 2024 డిసెంబరులో యూట్యూబ్ ఇండియాలో అలాంటిదే మొదలుపెడతామంది, టైటిల్‌లో గానీ థంబ్‌నెయిల్‌లో గానీ చెప్పింది వీడియోలో లేకపోతే తీసేస్తామని, ముఖ్యంగా తాజా వార్తల విషయంలో. నా ఫోన్‌లో చూస్తే దండలు ఇంకా అలాగే ఉన్నాయి, అది వేరే సంగతి.

అడ్మిన్ గారికి నా సలహా. ఆ బొమ్మకు ఒక చోటు, ఒక రోజు, ఒక మనిషి ఉన్నట్టు కనబడుతోందా అని చూడండి. వరద ఫోటో చూస్తే "ఇక్కడ, ఇవాళ" అనే అనుకుంటాం, అది తప్పైతే తప్పుడు సమాచారమే, పెట్టినవాళ్ల ఉద్దేశం ఏదైనా సరే. కార్టూన్‌ను చూసి ఎవరూ అలా అనుకోరు, దాని జోలికి పోవద్దు. మేడారం బొమ్మ మధ్యలో ఉంది, నాకు మాత్రం తాడ్వాయి వాళ్ల వాదనే సబబనిపిస్తోంది.


పాత_డెస్క్, వరంగల్:

ఉద్దేశం సంగతి కొంచెం చూడాలమ్మా. టైమ్ లేక పాత ఫోటో వేసినవాడినీ, కావాలని బతికున్నవాడికి దండ వేసినవాడినీ ఒకే గాటన కట్టలేం. మొదటివాడికి సవరణ చాలు.


సైకాలజీ_టీచర్, కరీంనగర్:

శిక్ష వేసేటప్పుడు చూడండి సార్, కాదనను. ఆ పాత ఫోటో నమ్మి మంగపేటలో సామాను అటక మీదికి ఎక్కించిన ఆమెకు ఆ తేడాతో పనిలేదు.


కాలనీ_అడ్మిన్, హన్మకొండ:

అందరికీ థ్యాంక్స్. మొత్తం చదివి, మా గ్రూపులో ఇంకో ఇద్దరితో మాట్లాడి ఇలా అనుకున్నాం. లింకు తీసేయం. పెట్టినవాళ్లు వార్తలోంచి రెండు లైన్లు, ఎప్పటి వార్తో ఆ తేదీ కాపీ చేసి కింద పెట్టాలి. ఫోటో పాతదని ఎవరైనా చూపిస్తే పెట్టినవాళ్లే "ఫోటో పాతది" అని రాయాలి, రాయకపోతే అప్పుడు తీసేస్తాం. బతికున్నవాళ్లకు దండలేసిన బొమ్మలు, వేరే ఊరి శవాలు, కూలిన బిల్డింగులు వస్తే మాత్రం అడగకుండా తీసేస్తాం. ధరల బొమ్మలు ఒద్దని చెప్పాం, గుమాస్తా గారు చెప్పిందే మా గ్రూపులో ఉన్న ఇద్దరు రైతులు కూడా అన్నారు, మార్కెట్ వాళ్లు ఇచ్చే గరిష్ఠ కనిష్ఠ ధరల పట్టీ ఫోటో తీసి పెడితే చాలన్నారు.


థంబ్‌నెయిల్_తమ్ముడు:

డెస్క్ సార్ చెప్పిన సంవత్సరం సంగతి ఒకటి. బొమ్మ మూలకు "2022" అని వేయడానికి నాకు నిమిషం పట్టదు, డబ్బులు కూడా ఎక్కువ అడగను. ఓనర్లతోని మాట్లాడిన. ఒకాయన సరే అన్నడు. ఇంకొకాయన "వెయ్, కానీ వీడియో టైమ్ వచ్చే మూలకు వెయ్" అన్నడు. కింద కుడి పక్కన యూట్యూబ్ వాళ్ల నిమిషాల డబ్బా వస్తది కదా, దాని వెనకాల పడితే ఎవరికీ కనబడదు. ఆయనకు పని ఎక్కువ తెలుసు నాకన్నా.